ఆరో దెబ్బ

"ఎవురు పాపా పోయింది?" అని మా తాత అడిగేసరికి ఇడ్లీ ముక్క నా నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

అప్పుడు పొద్దున ఎనిమిది. నంద్యాలలో మా ఇంటి వసారాలో గడప మీద కూర్చుని, నేను చేసిన పాటను నేనే ఫోన్లో పెట్టుకుని విని మురిసిపోతున్నాను. తాత పక్కనే ఇనుప మంచం మీద పడుకుని ఉన్నాడు.

"ఎవురూ పోలేదు తాతా. పెండ్లి పాట ఇది. నేనే చేసినా."

"పెండ్లేందీ? చావు పలక గదా అది!"

నవ్వబోయాను. కానీ తాత ముఖంలో నవ్వు లేదు. మళ్లీ పెట్టమన్నాడు, పెట్టాను. పాట మొదట్లో రాగం ఉండదు, నిదానంగా ఎనిమిది చుట్లు ఒట్టి దరువే. తాత కళ్లు మూసుకుని విన్నాడు. ఆయన ఎడమచేతి వేళ్లు మంచం పట్టీ మీద తమంతట తామే కదిలాయి. ఫోన్లో దెబ్బా, పట్టీ మీద దెబ్బా ఒక్క వెంట్రుకంత కూడా తేడా లేకుండా కలిసి పడ్డాయి.

నా పని ఏమిటో ఇక్కడ చెప్పాలి. నేను ఒక ఫోటో స్టూడియోలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తాను. జీతం దానికి. ప్రాణం మాత్రం ఇంకోదానికి. టీవీకి తగిలించి ఆడే పాత క్యాసెట్ గేములు ఉండేవి కదా, వాటిలో కీచుకీచుమంటూ ఒక సంగీతం వచ్చేది. ఈ ఏడాది అందరూ పాడుకునే కొత్త పాటల్ని తీసుకుని ఆ చప్పుడులోకి మారుస్తాను. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది కానీ చేసేవాళ్లకు తెలుస్తుంది ఆ తంటా. ఆ పాత మిషన్‌కు ఉన్నవి నాలుగే గొంతులు. రెండు రాగానికి, ఒకటి అడుగున బరువుగా మోగడానికి. నాలుగోది ఇసుక రాల్చినట్టు ఇస్సుమంటుంది. డోళ్లూ తాళాలూ అన్నీ దాంట్లోంచే పుట్టించాలి. నలభై వాయిద్యాల పాటను ఆ నాలుగు గొంతుల్లో ఇరికించాలంటే సగానికి పైగా పారేయాలి. ఏది పారేయాలో తెలియడమే విద్య.

ఈ పాటలో నేను డోళ్లన్నీ పారేసి, వాటి చోట మా తాత మంచం చప్పుడు పెట్టాను.

తాత పేరు ప్రభుదాసు. నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయేదాకా పలక కొట్టాడు. డప్పును మా వైపు పలక అంటాం. చెయ్యి పడిపోయాక ఎడమచేతి వేళ్లతో పొద్దస్తమానం మంచం పట్టీ మీద ఒకే దరువు వేస్తుంటాడు. అందులో ఆరో దెబ్బ కాస్త ఆలస్యంగా పడుతుంది. కంప్యూటర్లో దెబ్బలన్నీ గళ్లలో కూర్చోవాలి. ఆరోదాన్ని కూడా తెచ్చి గడిలో కూర్చోబెడితే పాట చచ్చిపోయింది. బయటికి జరిపితే లేచి కూర్చుంది. ఎంత పొంగిపోయానో! ఎవరికీ తట్టనిది నాకు తట్టిందనుకున్నాను.

అది చావు దెబ్బ అని నాకు తెలియదు. నమ్మితే నమ్మండి. పాడె ముందు కొట్టే దరువు వేరే ఉంటుందనీ, దాన్ని ఇంకే పనికీ ముట్టుకోరనీ పలక పట్టిన ప్రతి ఇంట్లో పసిపిల్లకు కూడా తెలుసు. మా ఇంట్లోనే తెలియదు. నాకు రెండేళ్లప్పుడు ఆళ్లగడ్డ పక్క పల్లె వదిలి నంద్యాల వచ్చేశాం. తాత పలకను ఊర్లలోనే పెట్టి వచ్చేవాడు, ఇంటికి తెచ్చేవాడు కాదు. మనవలు ముట్టుకుంటే చేతి మీద కొట్టేవాడు. చదువుకోండి అనేవాడు. టౌన్లో శవం పోతుంటే టపాకాయల మోతలో పలక ఎవరికి వినపడుతుంది?

"ఎవురి పెండ్లి?" అన్నాడు తాత.

"ఆళ్లగడ్డలో. శ్రీకాంత్ అని. వాళ్లవ్వ పేరు ఆదిలక్ష్మమ్మ అంట. పెండ్లికొడుకూ పెండ్లికూతురూ స్టేజీ మీదికి వచ్చేటప్పుడు పెడతారు."

మంచం పట్టీ మీద వేళ్లు ఆగిపోయాయి.

"ఆ ఇంటికి నేను కొట్టినా," అన్నాడు తాత. "ఆయమ్మ పెద్ద కొడుకును రోడ్డు మింద నరికినారు. ఇరవై ఏండ్లయింది. ఇంటికాణ్ణుంచి వంక కాడి శ్మశానం దాకా కొట్టినా. ఆ పిల్లోని నాయనే."

ఆ సంగతి నాకు కథలా తెలుసు. ఊళ్లో రెండు వర్గాలు. ఇప్పుడంతా సద్దుమణిగింది, ఇటువాళ్లూ అటువాళ్లూ ఒకే హోటల్లో దోసెలు తింటున్నారు. కానీ ఎవరూ ఏదీ మర్చిపోలేదు.

"ఆ పెండ్లిలో ఈ దెబ్బ పడితే ఏమనుకుంటారు పాపా? ఆ పక్కోళ్లు దుడ్లిచ్చి కొట్టిచ్చినారంటారు. నువ్వు కాదన్యా నమ్మరు. ఎవురు చేపిచ్చినారో చెప్పు అంటారు. పో. బేగా పో. ఆపు."

స్టూడియో ఓనరు రాజశేఖరన్న ముహూర్తం వీడియో కోసం తెల్లవారుజామునే వెళ్లాడు. ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. ఏడుసార్లు చేశాను. మెసేజ్ పెడితే రెండు టిక్కులు పడ్డాయి, నీలం కాలేదు. పాట ఆయన జేబులో పెన్ డ్రైవ్‌లో ఉంది. స్టేజీ మీదికి రావడం పదకొండు గంటలకు.

బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు కదులుతుంటే పరిగెత్తి ఎక్కాను. సీటు దొరికింది కానీ కూర్చున్నట్టు లేదు. ఫోన్లోనే పాట మొదటి ఎనిమిది చుట్లు కత్తిరించి, నేరుగా రాగంతో మొదలయ్యేలా ఇంకో కాపీ చేశాను. తొందరలో రెండుసార్లు తప్పు చోట కోశాను. ఆ పని అయ్యాక చెయ్యడానికేమీ లేకపోయింది, అప్పుడు మొదలైంది అసలు భయం. శిరివెళ్లలో బస్సు ఆగితే, డ్రైవరు దిగి టీ తాగుతుంటే అతని గొంతు పిసకాలనిపించింది. వెనక సీటులో ఎవరో నవ్వితే నన్ను చూసే అనుకున్నాను. తెల్ల బండి ఒకటి బస్సును దాటిపోతే తల కిందికి దించుకున్నాను. నేను ఇంకా ఏమీ చెయ్యలేదు, ఎవరికీ ఏమీ తెలియదు, అయినా దించుకున్నాను. మంచం దిగలేని తాత, ఇళ్లల్లో పనులకు పోయి సాయంత్రం దాకా రాని అమ్మ, గడియ సరిగా పడని మా తలుపు, ఇవే కళ్లముందు తిరిగాయి. ఎవరు చేయించారో చెప్పు అని అడిగితే ఎవరి పేరు చెప్పాలి? మంచం పేరా?

కళ్యాణ మంటపం దగ్గర దిగేసరికి పదకొండు కావడానికి పది నిమిషాలు. గేటు పక్కన కానుగ చెట్టు నీడలో పలకలవాళ్లు ఐదుగురు కూర్చుని ఉన్నారు. ఊరేగింపులో కొట్టి, అన్నాల పిలుపు కోసం చూస్తున్నారు. వాళ్లలో పెద్దాయన సుంకన్న. తాత దగ్గరే పని నేర్చుకున్నాడు, ఆయన్ని పెదనాయన అంటాడు. పక్షవాతం వచ్చినప్పుడు అరటిపళ్లు పట్టుకుని చూడటానికి వచ్చాడు.

"ఏం పాపా, ఈడున్నావు? పెదనాయన బాగుండాడా?" అన్నాడు. తల ఊపి లోపలికి పరిగెత్తాను.

లోపల నాలుగు వందల మంది ఉంటారు. రాజశేఖరన్న కెమెరా భుజాన వేసుకుని తలుపు దగ్గరే దొరికాడు.

"ఏందీ లూదియా, నువ్వెందుకొచ్చినావు?"

"అన్నా, ఆ పాట పెట్టొద్దు. ఇంకోటి తెచ్చినా. ఇది పెట్టిచ్చు."

"ఏం, ఏమయింది దానికి?"

నోరు తెరిచాను. పెళ్లికొడుకు చిన్నాన్న అనుకుంటా, బారెడు దూరంలో నిలబడి మీసం దువ్వుకుంటూ మావైపే చూస్తున్నాడు. నిజం చెప్తే ఆపేస్తారు, కానీ చెప్పడమంటే ఈ మాట ఈ హాల్లో నేనే పుట్టించడం. చెప్పకపోతే పెట్టేస్తారు.

"మొదట్లో సౌండు కొంచెం... బాలేదన్నా."

"పెండ్లికొడుకు పదిసార్లు ఇన్యాడు. అదిరిపోయిందన్యాడు. నీకేమన్నా పిచ్చా? పో, పోయి ఏమన్నా తిను, ముఖం చూడు ఎట్లుందో."

డీజే దగ్గరికి పరిగెత్తాను. అతను హెడ్‌ఫోన్ ఒక చెవి నుంచి తీసి, రాజశేఖరన్న చెప్పకుండా మార్చనన్నాడు. నేను బతిమాలుతుండగానే తలుపు దగ్గర పొగ మిషన్ బుస్సుమంది, దీపాలు తగ్గాయి, డీజే చెయ్యి నా ముందునుంచే వెళ్లి బటన్ నొక్కింది.

పది స్పీకర్లలోంచి మా తాత మంచం మోగింది.

ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆలస్యంగా ఆరు. డీజే బల్ల అంచు పట్టుకున్నాను. ఎనిమిది చుట్లంటే ఇరవై నాలుగు సెకన్లు, నేనే కొలిచి పెట్టాను. అంతసేపూ పక్క చూపు చూడలేదు, ముసలివాళ్ల ముఖాలే చూశాను. తలపాగా చుట్టిన పెద్దాయనొకడు తల ఎత్తాడు. అయిపోయిందనుకున్నాను. ఆయన చెవిలో చిటికెన వేలు పెట్టి ఆడించి, పక్కాయన దగ్గర వక్క తీసుకున్నాడు. మూడో వరుసలో ఒక అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పొగకు దగ్గు వచ్చిందంతే. ఏడో చుట్టు, ఎనిమిదో చుట్టు. రాగం అందుకుంది. కుర్రాళ్లు ఈలలు వేశారు. శ్రీకాంత్ గేములో బొమ్మలాగా కుప్పిగంతులు వేస్తూ స్టేజీ ఎక్కాడు, పెళ్లికూతురు సిగ్గుపడుతూనే వాడి వెనక గెంతింది. హాలంతా నవ్వులు.

ఎవరూ గుర్తుపట్టలేదు. నాకు భయంతోపాటు ఒళ్లు మండింది కూడా. తరతరాలుగా వీళ్ల శవాల ముందు మావాళ్లు కొట్టారు. చావు పలకను వీళ్లు మావాళ్ల చేతుల్లో చూసి గుర్తుపడతారు తప్ప చెవులతో కాదు. మరుక్షణమే, బతికిపోయాను కదా ఇంకా ఈ పౌరుషం ఎందుకని నన్ను నేనే తిట్టుకున్నాను.

బయటికి వెళ్లిపోదామని తలుపు దాకా వచ్చాను. మైకులో శ్రీకాంత్ గొంతు.

"పలకలోళ్లు యాడుండారు? లోపలికి రమ్మను. ఈ దరువు పలక మింద ఇనాల మనం!"

సుంకన్నా, అతని నలుగురు మనుషులూ చెప్పులు బయట వదిలి లోపలికి వచ్చారు. వాళ్ల కోసం డీజే పాట మొదలు మళ్లీ పెట్టాడు. మొదటి చుట్టు పూర్తి కాకముందే సుంకన్న చేతిలోని పుల్ల కిందికి దిగింది. ఆరో దెబ్బ పడగానే తల తిప్పి హాలంతా వెతికాడు. తలుపు దగ్గర నేను కనపడ్డాను. చూసి, చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు.

"కొట్టు సుంకన్నా," అన్నాడు శ్రీకాంత్.

"రాదు చిన్నయ్యా."

"రాదా? ఆరు దెబ్బలే గదా, ఏమంత కష్టం?"

"మిషన్ దరువు చిన్నయ్యా. మాకు రాదు."

సుంకన్న పక్కనున్న కుర్ర మనిషి ఏదో అనబోయాడు. సుంకన్న వాడి కాలు తొక్కడం నాకు కనపడింది.

"నలభై ఏండ్ల నుంచి కొడుతాండానని చెప్పుకుంటావు, ఆట బొమ్మ కొట్టింది నీకు రాదా అప్పా?" అన్నాడు మీసాల చిన్నాన్న. హాలు గొల్లుమంది. "దీనికా మనం వీళ్లను పిలిచింది?"

"పెద్దోణ్ణయినా గదయ్యా. రాదు," అన్నాడు సుంకన్న మూడోసారి. తల వంచి నిలబడ్డాడు. చుట్టుపక్కల పదూళ్లలో ఆయనంత పలకగాడు లేడు. నాకోసం నాలుగు వందల మంది ముందు చేతకానివాడయ్యాడు. నేను తలుపుకు ఆనుకుని, ఇంకా నవ్వండి, ఇంకా నవ్వండి అని మనసులో దండం పెట్టుకుంటున్నాను. నవ్వుతున్నంతసేపూ ఎవరూ ఆలోచించరు కదా. అంత సిగ్గుమాలిన పని నేను ఇంకెప్పుడూ చెయ్యలేదు.

శ్రీకాంత్ వదల్లేదు. "అట్లగాదు, నేను నేర్పిస్తా, ఇటియ్యి," అంటూ స్టేజీ దిగి పలక అందుకోబోయాడు.

"రాదంటాండాడు గదా. ఇడిచిపెట్టు అబ్బీ."

ముందు వరుస సోఫాలోంచి ఆ గొంతు వచ్చింది. పెద్దగా కూడా లేదు. హాలు మొత్తం సద్దుమణిగింది. తెల్ల చీర, బోసి మెడ, చేతిలో ఊతకర్ర. ఆదిలక్ష్మమ్మ అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"అన్నాలకు లెయ్యండి," అంది. అందరూ లేచారు. సుంకన్న మనుషులు నాకు అడుగు దూరంలోంచి బయటికి వెళ్లిపోయారు. ఆయన నావైపు చూడలేదు.

నేనూ వాళ్ల వెనకే కదిలాను.

"ఏ పాపా. నువ్వే. ఇట్రా."

వెళ్లాను. సుంకన్న చూపు ఎవరి మీద ఆగిందో ఆమె కనిపెట్టినట్టుంది. జనం భోజనాల వైపు తోసుకుంటూ పోతున్నారు, సోఫా చుట్టూ ఖాళీ అయింది. ఆమె కర్రతో తన ముందున్న కుర్చీ చూపించింది. నేను కూర్చోలేదు.

"నువ్వేనా ఆ పాట చేసింది?"

"నేనేనమ్మా."

"ఎవురు చేపిచ్చినారు?"

పొద్దున్నుంచి నా లోపల తిరుగుతున్న ప్రశ్న అదే మాటలతో బయట వినపడింది.

"ఎవురూ లేదమ్మా. దేవుని తోడు. నాకు తెలీక పెట్టినా."

ఆమె నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఒక్క రెప్ప కూడా పడలేదు.

"ప్రభుదాసుకు ఏమైతావు?"

ఆ పేరు నేను చెప్పలేదు. ఆ హాల్లో రాజశేఖరన్నకు కూడా తాత పేరు తెలియదు.

"మనవరాల్ని," అన్నాను.

"ఆరో దెబ్బ ఆలస్యంగా ఏస్తాడు. ఇంకెవురూ అట్ల ఎయ్యరు." ఆమె కర్ర పిడిని రెండు చేతులతో పట్టుకుంది. "మావోణ్ణి ఎత్తుకపోయినబ్బుడు నన్ను గదిలో పెట్టి తలుపేసినారు. కడాకు చూడనీలేదు. పలక ఇనపడ్తాంది. ఈది మలుపు తిరిగేదాకా ఇనపడింది. తర్వాత ఇనపడలేదు."

ఆమె మళ్లీ నావైపు చూసింది.

"ఉండాడా ఇంకా?"

"ఉండాడమ్మా. చెయ్యి పడిపోయింది."

"ఏ ఊర్లో ఉండారిప్పుడు?"

అబద్ధం చెప్పాలనిపించింది. సంజామల అనో, మిడుతూరు అనో ఏదో ఒకటి నోటికి వచ్చింది అనేద్దామనుకున్నాను. ఆ కళ్ల ముందు రాలేదు.

"నంద్యాల."

"ఊఁ," అంది. కర్ర ఊని లేచింది. రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరగకుండానే అంది.

"చెప్పు మీ తాతకు. ఆదిలక్ష్మమ్మ ఇన్యాదని."

అంతే. వెళ్లిపోయింది. మనవడు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంటే నవ్వింది కూడా.

తిరుగు బస్సులో నేను ఆ ఒక్క మాటను నాలుగు వందల సార్లు విని ఉంటాను. కొడుకు కోసం కొట్టిన మనిషిని తలుచుకున్నట్టుగానూ ఉంది. నలభై కిలోమీటర్ల అవతల నుంచి తలుపు తట్టినట్టుగానూ ఉంది. ఎన్నిసార్లు విన్నా తేల్చుకోలేకపోయాను.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. తాత పొద్దున నేను వదిలిన చోటే వీధి వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అన్నం పళ్లెం ముట్టుకోలేదు. నన్ను చూసి ముఖం వెలిగింది.

"ఆపినావా?"

"లేదు తాతా. పెట్టేసినారు. ఎవురూ గుర్తుపట్టలేదు. సుంకన్న మామ కాపాడినాడు."

తాత పెద్దగా ఊపిరి వదిలాడు. ఎడమచేతి వేళ్లు పట్టీ మీదికి వచ్చాయి. అలవాటుగా మొదటి దెబ్బ పడింది, రెండోది పడింది. అక్కడితో ఊరుకోవాల్సింది నేను. ఆయన ఇంక ఎంత కాలం ఉంటాడని? ఊరుకోలేకపోయాను. ఆ భయాన్ని ఒక్కదాన్నే మోయలేకపోయాను, అదీ నిజం.

"ఆదిలక్ష్మమ్మ గుర్తుపట్టింది తాతా. నీ దెబ్బేనని చెప్పింది. నువ్వు ఉండావా అని అడిగింది. ఇన్యాదని నీకు చెప్పమంది."

వేళ్లు ఆగాయి.

"ఎట్ల చెప్పింది? నవ్వతా చెప్పిందా?"

"తెలీదు. అటు తిరిగి చెప్పింది."

"ఈ ఊరని చెప్పినావా?"

తల దించుకున్నాను. తాతకు అర్థమైంది. తిట్టలేదు. ఎడమచేతిని మెల్లగా పట్టీ మీదనుంచి తీసి, మండుటెండలో, దుప్పటి కిందికి పెట్టుకున్నాడు.

"మంచం లోపలికి ఎయ్యి పాపా," అన్నాడు. "తలుపెయ్యి."

ఈడ్చుకుంటూ మంచాన్ని లోపలికి వేసి తలుపు వేశాను. గడియ సరిగా పడదు కాబట్టి వీపు ఆనించి కూర్చున్నాను. ఆ చెయ్యి మళ్లీ పట్టీ మీదికి వస్తుందేమోనని సాయంత్రం అమ్మ వచ్చేదాకా చూశాను. రాలేదు. వారమైంది, ఇంతవరకూ రాలేదు.